8 లేన్లు, 40 మంది, ఒక్క ఆదివారం: షూటింగ్ క్లబ్ ఎంపిక పోటీకి సమయం ఎలా కేటాయించాలి?

హనుమకొండ క్లబ్ కార్యదర్శి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హనుమకొండ నుంచి హసన్‌పర్తి వెళ్లే దారిలో ఒక పాత బియ్యం గోదామును అద్దెకు తీసుకుని మేము 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ సాధన కేంద్రాన్ని నడుపుతున్నాము. మాకు 8 లేన్లు ఉన్నాయి. ఎలక్ట్రానిక్ టార్గెట్లు లేవు. కాగితం కార్డులే వాడుతున్నాము, తాడు కప్పీతో కార్డును ముందుకు, వెనక్కి లాగుతాము. వచ్చే పోటీలకు క్లబ్ తరఫున నలుగురు రైఫిల్, ఇద్దరు పిస్టల్ క్రీడాకారులను పంపాలి. ఇంతవరకు శిక్షకులు చూసి ఎంపిక చేసేవారు. ఈసారి మాత్రం అందరూ ఒకే గడియారం కింద, ఒకే నియమం మీద పోటీపడి స్థానం సంపాదించుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. 26 మంది రైఫిల్‌లో, 14 మంది పిస్టల్‌లో పేర్లు ఇచ్చారు. వీరిలో తొమ్మిది మంది కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల నుంచి వచ్చి ఇక్కడ సాధన చేస్తున్నవారు.

నేను వేసుకున్న లెక్క ఇది. 8 లేన్లకు 40 మంది అంటే 5 డిటైళ్లు (ఒకేసారి కాల్చే బృందాలు). ఒక్కో డిటైల్‌కు 10 నిమిషాల తయారీ, 60 షాట్లకు 60 నిమిషాలు, లేన్లు ఖాళీ చేసి తరువాతివారు సర్దుకోవడానికి 20 నిమిషాలు ఇస్తే మొత్తం ఏడున్నర గంటల్లో పోటీ ముగుస్తుంది. రైఫిల్‌కు పెద్ద పోటీల్లో ఉన్నట్టే దశాంశ స్కోరు ఇవ్వాలని పిల్లలు కోరుతున్నారు. తేదీగా ఫిబ్రవరి మొదటి ఆదివారం అనుకున్నాము. ఈ పద్ధతిలో పోటీ నడిపిన అనుభవం మాలో ఎవరికీ లేదు. నా లెక్కలో లోపం ఎక్కడున్నా నిస్సంకోచంగా చెప్పగలరని మనవి.

కరీంనగర్ రేంజ్ ఆఫీసర్

కార్యదర్శి గారికి నమస్కారం. మీరు ముందుగా అడగడం మంచిదైంది, ఎందుకంటే మీ లెక్కలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది నిదానంగా, శ్రద్ధగా కాల్చే క్రీడాకారుడే.

అంతర్జాతీయ నియమావళిలో 60 షాట్లకు ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాలు, కాగితం టార్గెట్ల మీద 90 నిమిషాలు ఇస్తారు. దానికి ముందు 15 నిమిషాలు తయారీకి, సైటర్లకు (లెక్కలోకి రాని గురి సరిచూసుకునే షాట్లకు) వేరుగా ఉంటాయి. కాగితానికి ఆ 15 నిమిషాలు అదనంగా ఎందుకిచ్చారో మీ కప్పీయే చెబుతుంది. కార్డును వెనక్కి లాగి, తీసి, కొత్తది పెట్టి, మళ్లీ 10 మీటర్ల దూరానికి పంపేసరికి చేయి తిరిగినవారికి కూడా 20 నుంచి 25 సెకన్లు పడుతుంది. షాట్‌కొక కార్డు కనుక 60 కార్డులకు 25 సెకన్ల చొప్పున వేస్తే 25 నిమిషాలు కార్డులు మార్చడానికే పోతాయి. మీరిచ్చిన 60 నిమిషాల్లో ఇక మిగిలేవి 35 నిమిషాలు, అంటే షాట్‌కు 35 సెకన్లు. రైఫిల్ ఎత్తి, ఊపిరి సర్దుకుని, గురి కుదరకపోతే దించి మళ్లీ ఎత్తే క్రీడాకారునికి అది చాలదు. గురి కుదరని షాట్‌ను వదలకుండా రైఫిల్ దించగలగడమే ఈ ఆటలో నేర్పవలసిన మొదటి నిగ్రహం. మీ గడియారం సరిగ్గా ఆ నిగ్రహాన్నే శిక్షిస్తుంది.

కనుక షాట్‌కు ఇచ్చే సమయాన్ని తగ్గించకండి, షాట్ల సంఖ్యను తగ్గించండి. 40 షాట్లకు 60 నిమిషాలు ఇవ్వండి. 90 నిమిషాల్లో 60 షాట్లన్నా, 60 నిమిషాల్లో 40 షాట్లన్నా షాట్‌కు 90 సెకన్లే వస్తుంది కాబట్టి లయ మారదు. తయారీకి 15 నిమిషాలు పూర్తిగా ఇచ్చి, మధ్యలో సైటర్ కార్డులు తీయడానికి ఒక నిమిషం, డిటైల్ మారడానికి 19 నిమిషాలు కలిపితే ఒక్కో డిటైల్‌కు 95 నిమిషాలవుతుంది. అయిదు డిటైళ్లకు 475 నిమిషాలు. మీ లెక్క 450 నిమిషాలు. అంటే కేవలం 25 నిమిషాలు ఎక్కువ పెట్టుకుంటే ప్రతి షాట్‌కు 30 సెకన్లు అదనంగా దొరుకుతాయి.

అయితే 40 షాట్లతోనే జట్టును ఖరారు చేయమని నేను అనను. అసలు పోటీ 60 షాట్లది. 2018కి ముందు మహిళలకు 40 షాట్లే ఉండేవి, ఆ ఏడాది నుంచి పురుషులతో సమానంగా 60 అయ్యాయి. చివరి 20 షాట్లలో కాళ్లు బరువెక్కి, మనసు చెదిరే దశను చూడకుండా ఎవరినీ పంపకూడదు. మొదటి ఆదివారం 40 షాట్లలో ముందున్న 8 మంది రైఫిల్ వారిని, 4 గురు పిస్టల్ వారిని పిలిచి, తరువాతి ఆదివారం పూర్తి 60 షాట్లు 90 నిమిషాల్లో కాల్పించండి. 12 మందే కనుక రెండు డిటైళ్లతో సరిపోతుంది. రెండు రోజుల స్కోర్లను కలిపితే 100 షాట్ల మీద తీర్పు ఇచ్చినట్టవుతుంది.

దశాంశ స్కోరు ఆలోచన మాత్రం మానుకోండి. రైఫిల్ టార్గెట్‌లో పది అన్నది అర మిల్లీమీటరు చుక్క, పెల్లెట్ (సీసపు గుండు) 4.5 మిల్లీమీటర్లది. చుక్కను మింగేసిన రంధ్రాన్ని చూసి అది 10.2 అని, 10.6 అని కంటితో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. అది యంత్రం చేయవలసిన పని. రెండు విభాగాలకూ పూర్ణాంకాలే పెట్టి, గరిష్ఠ స్కోరు 400 అని ముందే ప్రకటించండి. పెల్లెట్ అంచు గీతను తాకితే ఎక్కువ విలువే ఇవ్వాలి. తాకిందో లేదో సందేహం వస్తే గేజ్ (రంధ్రంలో పెట్టి అంచు చూసే కొలత సాధనం) పెట్టాలి, గేజ్ పెట్టే అధికారం ఒక్కరికే ఉండాలి. స్కోర్లు సమానమైతే ఇన్నర్ టెన్లు (పదిలోనూ నడిమధ్యన పడ్డ షాట్లు) ఎక్కువ ఉన్నవారు ముందు. అవీ సమానమైతే చివరి 10 షాట్ల వరుసలో ఎక్కువ సాధించినవారు ముందు. ఈ మాటలను పోటీ తరువాత చెబితే వాదన అవుతుంది కనుక పేర్లు తీసుకునే కాగితం మీదే అచ్చు వేయించండి.

ఇంకొక లెక్క కూడా చూడండి. 40 మందికి 40 చొప్పున 1600 పోటీ కార్డులు, మనిషికి నాలుగు చొప్పున 160 సైటర్ కార్డులు కావాలి. ఒక డిటైల్ ముగియగానే 320 కార్డులు స్కోరు బల్ల మీదికి వస్తాయి. కార్డుకు 15 సెకన్లు అనుకున్నా 80 నిమిషాలు పడుతుంది, ఈలోగా తరువాతి డిటైల్ దాదాపు ముగుస్తుంది. ఒక జంట లెక్కించినదాన్ని ఇంకో జంట సరిచూడాలి కాబట్టి రెండు బల్లలు, నలుగురు మనుషులు తప్పనిసరి. క్లబ్ పోటీలు ఆలస్యమయ్యేది నేను చూసినంతలో ఎప్పుడూ ఈ బల్ల దగ్గరే. ప్రతి కార్డు వెనుక పోటీదారు సంఖ్య, కార్డు వరుస సంఖ్య ముందురోజు రాత్రే వేసి, మనిషికొక కట్టగా కట్టి ఉంచండి. సైటర్ కార్డులకు కుడివైపు పైమూలన నల్లని ఏటవాలు పట్టీ ఉండాలి, లేకపోతే అవి పోటీ కార్డుల్లో కలిసిపోతాయి.

కాజీపేట పిస్టల్ షూటర్

రేంజ్ ఆఫీసర్ గారు చెప్పినవాటితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. లేన్ మీద నిలబడేవాని వైపు నుంచి రెండు విషయాలు చేర్చదలచాను.

మొదటిది గడియారం. కొన్నేళ్ల క్రితం వేరే జిల్లాలో జరిగిన ఒక ఎంపిక పోటీలో గడియారమంటే ఆ రోజు అధికారిగా ఉన్నవారి చేతిలోని ఫోనే. ఇంకా 10 నిమిషాలు ఉన్నాయని గానీ, 5 నిమిషాలు ఉన్నాయని గానీ ఎవరూ పలకలేదు. నా చేతిలో మూడు కార్డులు మిగిలి ఉండగా 'స్టాప్' వినిపించింది. ఆ మూడూ సున్నాలయ్యాయి. నేను నెమ్మదిగా కాల్చిన మాట నిజమే, ఆ సున్నాలను నేను ఒప్పుకున్నాను. కానీ సమయం ఎంత మిగిలిందో తెలుసుకునే హక్కు ఆ గదిలో ఎవరికీ దక్కలేదు, నా పక్క లేన్ అబ్బాయి చివరి నాలుగు షాట్లు నిమిషంలో కాల్చేయడం నేను చూశాను. దయచేసి అన్ని లేన్ల నుంచి కనబడేలా గోడకు పెద్ద గడియారం పెట్టి, పోటీ సమయం దాని ప్రకారమేనని ప్రకటించండి. తయారీ సమయం ముగియడానికి 30 సెకన్ల ముందు ఒకసారి, పోటీలో 10 నిమిషాలు, 5 నిమిషాలు మిగిలినప్పుడు ఒక్కొక్కసారి పలకాలి. 'లోడ్', 'స్టార్ట్', 'స్టాప్', 'అన్‌లోడ్' అనే నాలుగు ఆజ్ఞలూ రోజంతా ఒకే గొంతు నుంచి రావాలి. వాటికి తెలుగు మాటలు కల్పించవద్దని నా సలహా, పిల్లలు రేపు ఏ రేంజ్‌కు వెళ్లినా వినబోయేవి ఆ మాటలే.

రెండవది కరెంటు. గోదాములో దీపాలు ఆరిపోతే కాగితం టార్గెట్ ఉన్నా లేనట్టే. క్రీడాకారుని తప్పు లేకుండా 3 నిమిషాలకు మించి ఆగిపోతే పోయిన సమయాన్ని అతడు తిరిగి అడగవచ్చునని, 5 నిమిషాలకు మించి ఆగినా, వేరే లేన్‌కు మార్చినా మిగిలిన సమయానికి 5 నిమిషాలు కలిపి, పోటీ షాట్లు మళ్లీ మొదలుపెట్టే ముందు ఎన్ని సైటర్లయినా కాల్చుకోనివ్వాలని నియమం ఉంది. ఆగిన నిమిషాన్ని, మొదలైన నిమిషాన్ని పుస్తకంలో రాసేందుకు ఒక మనిషిని కూర్చోబెట్టండి. కనీసం టార్గెట్ దీపాలనైనా ఇన్వర్టర్ మీద ఉంచండి. టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ వెలుతురు ఉండాలంటారు. అంతకంటే ముఖ్యమైనది ఎనిమిది టార్గెట్ల మీదా అది సమానంగా ఉండటం.

పిస్టల్ వారి తరఫున ఇంకొక చిన్న మాట. 500 గ్రాముల ట్రిగ్గర్ బరువు పరీక్ష (పిస్టల్ పేలకుండా ట్రిగ్గర్ అంత బరువు మోస్తుందా అని చూసేది) పోటీ ఉదయం పెట్టకండి. ఆ ఉదయం బరువు నిలవకపోతే స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు గానీ, అలవాటైన వేలికి ఆ తేడా రోజంతా తెలుస్తూనే ఉంటుంది. శనివారం సాయంత్రం పరీక్షించి ముద్ర వేయండి.

హనుమకొండ క్లబ్ కార్యదర్శి

మీ ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. 35 సెకన్ల లెక్క చదివాక నా పట్టికను నేనే చించివేశాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, 11 మంది రైఫిల్ పిల్లలకు సొంత రైఫిళ్లు లేవు, క్లబ్‌కు చెందిన నాలుగింటినే పంచుకుంటారు. చీటీలు తీస్తే ఒకే రైఫిల్ వాడే ఇద్దరు ఒకే డిటైల్‌లో పడే ప్రమాదం ఉంది. రెండవది, దూరం నుంచి వచ్చేవారు తమకు మధ్యాహ్నం డిటైళ్లే కావాలంటున్నారు, కానీ మా గోదాముకు పడమటి గోడలో వెంటిలేటర్లు ఉన్నాయి, రెండు దాటితే వాటిగుండా ఎండ ఏటవాలుగా లోపలికి పడుతుంది.

మంచిర్యాల నుంచి ఒక తండ్రి

కార్యదర్శి గారూ, మా అమ్మాయి మీ క్లబ్ రైఫిల్‌తోనే కాలుస్తుంది కాబట్టి ఈ రెండు సందేహాలూ మా ఇంటివే. పెద్దపల్లి మీదుగా కాజీపేటకు వచ్చే రైలు పట్టుకుని, అక్కడి నుంచి ఆటోలో మీ దగ్గరకు చేరేసరికి ఉదయం 7 గంటల డిటైల్ మాకు అందదు. అయితే మాకు మధ్యాహ్నమే కావాలని మేము అడగడం న్యాయం కాదు. మొదటి డిటైల్ నుంచి మాత్రం మినహాయించి, మిగిలిన నాలుగింటిలో అందరితో పాటు మాకూ చీటీ తీస్తే చాలు.

తేదీ విషయంలో ఒక మనవి. ఇది మేడారం జాతర ఏడాది. మాఘ పౌర్ణమి ముందు వెనుక రోజుల్లో మన ప్రాంతంలోని బస్సులన్నీ జాతరకే మళ్లుతాయి, హనుమకొండ బస్టాండులో కాలు పెట్టే చోటు ఉండదు, రైళ్లలోనూ అంతే. మా ఇంట్లోనూ అమ్మవార్లకు బంగారం (బెల్లం) మొక్కు ఉంది. ఫిబ్రవరి మొదటి ఆదివారం పెడితే దూరం వారిలో సగం మంది రాలేరు, వచ్చినవారు రాత్రంతా నిలబడి ప్రయాణం చేసి వస్తారు. ఒక్క వారం వాయిదా వేయండి.

మా అమ్మాయి చెప్పమన్న మాట ఇంకొకటి ఉంది. క్లబ్ రైఫిల్ వేరొకరి చేతి నుంచి వచ్చాక చెంప ఆనించే పలక, భుజపు పట్టీ ఎత్తు, సైట్ గుర్తులు అన్నీ మార్చుకోవాలి, గాలి సిలిండర్ మళ్లీ నింపుకోవాలి. వెంటవెంటనే వచ్చే డిటైళ్లలో ఒకే రైఫిల్ ఇద్దరికి ఇస్తే రెండవవారి తయారీ సమయమంతా మరలు తిప్పడానికే పోతుంది. అలాగే వేచి ఉండే పిల్లలకు తినే చోటు రేంజ్‌కు దూరంగా పెట్టి, దాని పక్కనే సబ్బు, నీళ్లు ఉంచండి. సీసపు పెల్లెట్లు పట్టుకున్న చేతులతోనే పిల్లలు బిస్కెట్లు తినడం నేను మీ దగ్గరే చూశాను.

కరీంనగర్ రేంజ్ ఆఫీసర్

ఆ అమ్మాయి చెప్పినదే మీ మొదటి సందేహానికి జవాబు. నాలుగు రైఫిళ్లను 11 మందికి మూడు, మూడు, మూడు, రెండు చొప్పున పంచండి. క్లబ్ రైఫిళ్లను 1, 3, 5 డిటైళ్లలోనే వాడండి. అప్పుడు ప్రతి ఇద్దరి మధ్యా ఒక పూర్తి డిటైల్ ఖాళీ దొరుకుతుంది. గంటన్నరలో సిలిండర్ నింపి, సైట్లు మార్చి, పక్క గదిలో పెల్లెట్ లేకుండా గురి చూసుకునే వ్యవధి కూడా ఉంటుంది. మంచిర్యాల అమ్మాయి లాంటివారికి 3 లేదా 5 అని చీటీ తీయండి. ఈ 11 మందికి ముందు తీసి, తరువాత మిగిలిన 29 మందికి తీయండి. లేన్ సంఖ్యకు వేరే చీటీ ఉండాలి. చీటీలు తీసేటప్పుడు ప్రతి ఇంటి నుంచి ఒకరైనా ఎదురుగా ఉంటే మంచిది.

సిలిండర్ నింపే ముందు దాని మీద ముద్రించిన తేదీ చూడండి, తయారై పదేళ్లు దాటినదాన్ని రేంజ్‌లోకి రానివ్వకూడదు. ఎంత మంచి క్రీడాకారుడు బతిమాలినా ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దు.

పడమటి వెంటిలేటర్లకు మందపాటి నల్లగుడ్డ శనివారమే కట్టి, అదే రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ప్రతి లేన్‌లో నిలబడి చూడండి. ఆ పని చేస్తున్నప్పుడే నేలను కూడా కాలితో తట్టి చూడండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల రైఫిల్ అర్హత దశలో మూడవ స్థానంలో నిలిచి, ఫైనల్లో ఏడవ స్థానానికి పడిపోయారు. ఆ రోజు తన లేన్‌లో కాళ్ల కింది పలక వదులుగా ఉందని ఆయన తరువాత చెప్పారు. నాలుగేళ్లకు బీజింగ్‌లో ఆయనే స్వర్ణం గెలిచారు. అంతటి వేదిక మీద జరిగినది పాత గోదాము నేల మీద జరగదని ఎలా అనుకుంటాము? పగుళ్లున్న లేన్ ఉంటే సిమెంటు వేయించండి, వేయించే వ్యవధి లేకపోతే ఆ లేన్ మూసివేసి ఆరవ డిటైల్ పెట్టుకోండి.

భద్రత గురించి విడిగా చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా ఒక్క మాట. సేఫ్టీ ఫ్లాగ్ (తుపాకీ ఖాళీగా ఉందని చూపే తీగ) బ్యారెల్ పొడవునా దూరి రెండు చివరలా కనబడాలి. 'అన్‌లోడ్' తరువాత అధికారి ప్రతి లేన్‌లో ఫ్లాగ్ చూశాకే ఎవరైనా గీత దాటి ముందుకు వెళ్లాలి. డిటైల్ మారే 19 నిమిషాల్లో తొందర పుట్టేది ఇక్కడే.

హనుమకొండ క్లబ్ కార్యదర్శి

నిన్న రాత్రి కార్యవర్గం కూర్చుని ఈ చర్చ మొత్తం చదివి నిర్ణయాలు తీసుకుంది. పోటీ ఫిబ్రవరి రెండవ ఆదివారానికి మారింది, రెండవ దశ ఆ తరువాతి ఆదివారం. మొదటి దశలో 40 షాట్లు 60 నిమిషాల్లో, పూర్ణాంక స్కోరుతో. రెండవ దశలో 60 షాట్లు 90 నిమిషాల్లో. డిటైళ్లు ఉదయం 7:00, 8:35, 10:10, మధ్యాహ్నం 12:15, 1:50 గంటలకు మొదలవుతాయి. మూడవ డిటైల్ తరువాత అరగంట భోజన విరామం ఇచ్చాము. అంతా అనుకున్నట్టు జరిగితే చివరి 'స్టాప్' 3:06కు వస్తుంది. చీటీలు ముందు ఆదివారం అందరి ఎదుట తీస్తాము. స్కోరు బల్లల దగ్గర కూర్చునేందుకు నలుగురు ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు, వారిలో ఎవరి పిల్లలూ పోటీలో లేరు.

నేల తట్టి చూశాము. ఆరవ లేన్‌లో నిలబడే చోట ఒక పలక కదులుతోంది. మేస్త్రీ గురువారం వస్తానన్నాడు.

ఇక ఒక్కటే కొరత. మా దగ్గరున్న గేజ్ మొన అరిగిపోయింది. దానితో గీత మీది షాట్లను తేల్చడం నాకు ధైర్యంగా లేదు.

కరీంనగర్ రేంజ్ ఆఫీసర్

నా దగ్గర రైఫిల్‌కు, పిస్టల్‌కు వేర్వేరుగా రెండు గేజ్‌లు ఉన్నాయి. పోటీకి ముందు శనివారం మధ్యాహ్నానికే హనుమకొండ చేరుకుంటాను. మూడు గంటలకు ఆ నల్లగుడ్డ వెనుక వెలుతురు ఎలా ఉందో కలిసి చూద్దాము, సాయంత్రం ట్రిగ్గర్ పరీక్షలో కూడా కూర్చుంటాను.